ముఖ్యమైనవి పది

మొహమాటానికి పోయి తల ఊపినందుకు తిరుపతి సోమవారం పొద్దున్నుంచీ తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఇరవై రెండేళ్లుగా తెలుగు డీటీపీ చేస్తున్న మనిషి. పెళ్లి కార్డయినా, చావు కార్డయినా పాత ఫైలు తెరిచి, పేర్లు మార్చి, అరగంటలో చేతిలో పెట్టేవాడు. అలాంటివాడు ఇవాళ పన్నెండు దాటినా ఒక్క అక్షరం కొట్టలేదు.

పాపమంతా ఎల్‌బీ నగర్‌లో ఉండే మురళీకృష్ణ సారుది. రిటైరైన కంప్యూటర్ లెక్చరరు. పాత కంప్యూటర్‌కు లినక్స్ అనే కొత్త సిస్టమ్ వేసుకుంటే పరుగులు పెడుతుందని ఆరు నెలలు చెవినిల్లు కట్టుకుని పోరి, నిన్న తనే వచ్చి వేసి వెళ్లాడు. కొత్తవాళ్లకు ముఖ్యమైన సాఫ్ట్‌వేర్లంటూ పది పేర్లు రాసి గోడకు అంటించాడు కూడా. ఇంటర్నెట్‌కు ఫైర్‌ఫాక్స్, ఉత్తరాలకు లిబ్రేఆఫీస్, ఫొటోలకు జింప్, సినిమాలకు వీఎల్‌సీ, ఇలా. కంప్యూటర్ నిజంగానే పరుగులు పెట్టింది. చావు కార్డు కొట్టుకునేవాడికి సినిమా ఎందుకో మాత్రం ఆ కాగితంలో లేదు.

పాత ఫైళ్లు నాలుగు వేలు. ఏది తెరిచినా ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు. వాటిని తెలుగుగా చూపించే పాత ఫాంట్లు, తిరుపతి వేళ్లకు అలవాటైన కీబోర్డు అమరిక, రెండూ పాత సిస్టమ్‌తోనే పోయాయి.

ఎదురుగా స్టూలు మీద అండాలమ్మ కూర్చుని ఉంది. చిట్యాల దగ్గరి పల్లె. ఆమె భర్త సీతారాములు పోయి అయిదు రోజులు. దశదినకర్మ కార్డులు ఇవాళే ఊరు చేరాలి.

"మూడింటికి ఎల్‌బీ నగర్ల బస్సు బిడ్డా. కార్డులు లేకుంట ఏం మొఖం పెట్టుకోని పోతా?"

"జర ఆగమ్మా. సారు ఒస్తుండు."

మెట్రోలో మూడు స్టేషన్లు దాటి సారు వచ్చాడు. ఫోల్డరు తెరిచి చూసి తృప్తిగా తల ఊపాడు.

"ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి కదయ్యా, కంగారెందుకు?"

"భద్రంగ ఉంటే ఏం జేసుకోవాలె సార్? చదవొస్తలేదు."

సారు చకచకా ఏదో నొక్కి కొత్త తెలుగు కీబోర్డు పెట్టాడు. ఒక్క అక్షరమూ పాత చోట లేదు. కళ్లు మూసుకుని కొట్టే తిరుపతి ఒక్కో మీటా వెతుక్కుంటూ పది నిమిషాల్లో 'దశదిన' దాకా వచ్చాడు. ఒళ్లు మండిపోయింది.

"సార్, మీరెప్పుడన్న తెలుగుల టైపు చేసిండ్రా?"

సారు గోడమీది కాగితం వైపు చూశాడు. "లేదయ్యా. నాకెప్పుడూ అవసరం పడలేదు."

అండాలమ్మకు ఓపిక అయిపోయింది. సంచిలోంచి ఫోను తీసింది. "నాకు రాయరాదు. మాట్లాడితే ఇదే రాస్తదని మా మనుమరాలు నేర్పింది. నువ్వు చెప్పు, నేనంటా."

కార్డులో మామూలుగా ఉండే మాటలు తిరుపతి చెప్పాడు, ఆమె ఫోనుకు అప్పజెప్పింది. తర్వాత బంధువుల పేర్లు. కొడుకు, అల్లుళ్లు, పెద్ద మరిది వరుసగా వచ్చారు. చిన్న మరిది దగ్గర ఆగిపోయింది. వాణ్ని ఇంటిల్లిపాదీ చిన్నోడనే అంటారు. ఆమె ఏదో గొణుక్కుంది, కొంగుతో ముక్కు తుడుచుకుంది, అసలు పేరు గుర్తొచ్చి చెప్పింది.

ఆ మెసేజి వాట్సాప్‌లో తిరుపతికి వచ్చింది. సారు పదింట్లో మొదటిదైన ఫైర్‌ఫాక్స్‌లో దాన్ని తెరిచి, లిబ్రేఆఫీస్‌లో పెట్టాడు. ముత్యాల్లాంటి తెలుగు. తిరుపతికి సంతోషం కన్నా ఉక్రోషమే ఎక్కువ కలిగింది. ఇరవై రెండేళ్ల తన వేళ్లు చేయలేని పని రాయడం రాని ముసలమ్మ చేసింది.

పైనుంచి సరిచూసుకుంటూ పేర్ల మధ్యలో ఆగాడు. ఫోను ఆమె గొణిగింది కూడా వదల్లేదు.

'గీ పేర్లన్ని నీకే యాదుండేటివి గదయ్యా నన్నొక్కదాన్ని జేసి పోతివి'

ఆ లైను తీసేయాలి. తీసేసే మీట ఒక్కటే పాత చోటనే ఉంది. పొద్దున్నుంచీ దేన్నో ఒకదాన్ని బాదాలని చూస్తున్న తిరుపతికి దాన్ని నొక్కబుద్ధి కాలేదు. సారు కూడా చదివి కళ్లద్దాలు తీశాడు.

తిరుపతి ఆ లైనును కార్డులోంచి తీసి, కొత్త ఫైల్లో పెట్టి దాచమని నొక్కాడు. కొత్త సిస్టమ్‌లో చదవడానికి వచ్చే తెలుగు ఫైళ్లలో అదే మొదటిది.

"ఫైలుకు పేరు అడుగుతోందయ్యా. ఏం పెడదాం?" అన్నాడు సారు.

"తర్వాత సార్. ముందు ప్రెస్సుకు పంపుండ్రి, అమ్మకు బస్సు అందాలె."