నా దగ్గర ఆగిన బాణాలు

"నువ్వెలాగూ ఖాళీయేగా, ఈ నాలుగింటికీ ఈకలు అతికించెయ్" అంటూ మా ఆయన బాణాల కట్ట తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టేసరికి నా కుడిచేతిలో చాకు, ఎడమచేతిలో సగం తరిగిన ఉల్లిపాయ, పొయ్యి మీద పొంగడానికి సిద్ధంగా ఉన్న పాలు. ఖాళీ అంటే ఏమిటో పదహారేళ్ళ కాపురంలో నాకింకా అర్థం కాలేదు. పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా రెడీమేడ్ బట్టల కొట్లో పొడుగు ప్యాంట్లు కురచ చేసి వస్తాను. కొలతలు భలే కుదిరాయని ఎవరైనా మెచ్చుకుంటే మా యజమాని "మా షాపు కటింగు అలాంటిదండీ" అంటాడు. నోట్లో గుండుసూదులుంటాయి కాబట్టి నేనేమీ అనను. ఇంటికొచ్చాక మిగిలిన సగం రోజుని మా ఇంట్లో ఖాళీ అంటారు.

"ఎవరివి?" అన్నాను, తెలిసి కూడా.

"డాక్టరుగారివి. రేపు మీటింగుకి ముందు అందరి ఎదుటా వేస్తారు కదా, కాస్త జాగ్రత్తగా చెయ్యి." గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "అన్నట్టు, రేపు సెక్రటరీగా ఆవిడ పేరే చెబుతున్నాను. మెంబర్ల సంగతి రాసుకునే నోటుబుక్కు ఉంది కదా నీ దగ్గర, అది ఆవిడకిచ్చెయ్. టీలు మాత్రం నువ్వే చూసుకో. పోయినసారి పంచదార తక్కువైందన్నారు."

పాలు పొంగాయి. పొయ్యి తుడుచుకుంటూ నిలబడ్డాను.

మా ఆయనది కరెంటాఫీసులో ఉద్యోగం. ఆదివారాలు మాత్రం ఆయన కోచ్‌గారు. పాత గోదాము వెనక ఖాళీ స్థలంలో పన్నెండేళ్ళ క్రితం ఈ విలువిద్య క్లబ్బు పెట్టారు. పెట్టడం ఎవరైనా పెడతారు. మనుషుల్ని నిలబెట్టడమే కష్టం. విల్లు పట్టిన కొత్తలో అందరికీ మోజే. మూడో నెలలో భుజం నొప్పి, నాలుగో నెలలో ఇంటికి చుట్టాలు, అయిదో నెలలో ఫోనే ఎత్తరు. అలాంటి వాళ్ళని వెనక్కి తెచ్చే పని నాది. ఎవరూ నాకు అప్పగించలేదు, ఎవరూ చెయ్యకపోతే నా మీద పడింది.

దానికి నాదొక కిటుకు ఉంది. ఎవరి మనసు జారుతోందో నాకు ముందే తెలిసిపోతుంది. బాణాలు ఏరుకోవడానికి గురి బోర్డు దాకా నడిచేటప్పుడు వాళ్ళు కాళ్ళీడుస్తారు. ఆ మనిషి సంచి సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళి ఒక బాణం తీసుకుంటాను. "ఈక ఊడేలా ఉందండీ, అతికించి ఉంచుతాను, వచ్చే ఆదివారం తీసుకోండి" అంటాను. ఈక నిక్షేపంలా ఉంటుంది. కానీ డజను బాణాల్లో ఒకటి తక్కువైన సంచిని మూలన పడేసి మర్చిపోవడం ఎవరికీ చేతకాదు. తనది ఒకటి ఇంకొకరి ఇంట్లో ఉందని మనసు పీకుతూనే ఉంటుంది. వస్తారు. వచ్చినప్పుడు ఏం మాట్లాడాలో నోటుబుక్కులో రాసుకుంటాను. డ్రైవరు బాబాయిని చనిపోయిన వాళ్ళావిడ గురించి అడగకూడదు, మోకాలి గురించి అడగాలి. లెక్కల మాస్టారిని రాలేదేమని నిలదీయకూడదు, మీరు లేక సరదా లేదనాలి. అలా పందొమ్మిది మంది నలభైమూడు మందయ్యారు.

ఇదంతా చూసి మా అత్తగారు ఒకసారి అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "ఊళ్ళోవాళ్ళందరినీ క్లబ్బులో కట్టేస్తుంది గానీ, మొగుణ్ణి ఇంటిపట్టున ఉంచుకోవడం చేతకాదు మా కోడలికి."

ఆరు నెలల క్రితం పళ్ళ డాక్టరు వచ్చి చేరినప్పుడు ఆ మాట కొత్తగా కుట్టడం మొదలుపెట్టింది. రోజంతా వంగి ఊళ్ళోవాళ్ళ పళ్ళు చూసి చూసి మెడ పట్టేసిందట, వెన్ను నిటారుగా నిలబెట్టే ఆట ఏదైనా ఆడమన్నారట. వచ్చింది, నిలబడింది. చూశాను. మనిషి అలా నిలబడగలదని నాకు తెలుసు, చూసి మాత్రం చాలా ఏళ్ళయింది. వింటినారి దవడ దాకా లాగి, తొందరేమీ లేనట్టు ఆగి, వదిలింది.

ఆ వారం నుంచి మా ఇంట్లో కంచం ముందు కూర్చుంటే ఆవిడ ముచ్చటే. "చూశావా ఆ మోచెయ్యి! ఒక్కసారి చెబితే చాలు." "డాక్టరుగారేమన్నారంటే..." "ఆ నిలకడ నేర్పితే రాదు, మనిషిలో ఉండాలి." ఒక పూట లెక్కపెడితే ఏడుసార్లు వచ్చింది ఆవిడ పేరు. కూర బాగుందో లేదో ఒక్కసారీ రాలేదు. కడుపు మండిపోయేది. ఆవిడ వేలికి ఉంగరం లేకపోవడం చూశాను, వచ్చిన కొత్తలో వేసుకున్న చెప్పులు మార్చడం చూశాను, మా ఆయన ఆదివారం గడ్డం గీసుకునే తొందర చూశాను. పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేదల్లా మోచేతుల గురించే. దొరికి ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. దొరికితే ఆ మంటకి ఒక పేరుండేది, నలుగురికీ చెప్పుకోవచ్చు.

ఆ మధ్యాహ్నం పాలగిన్నె పక్కనపెట్టి గమ్ము సీసా తెచ్చుకున్నాను.

బాణం తోక దగ్గర మూడు ఈకలుంటాయి. మూడింటి మధ్యా ఎడం సమానంగా ఉండాలి. ఒక ఈక నూలుపోగంత జరిగినా, వదిలినప్పుడు వింటిని రాసుకుంటుంది, బాణం పక్కకి పోతుంది. చూసే కంటికి తెలియదు, గాలి అనుకుంటారు. నేను నాలుగు బాణాల్లో ఒకదాని ఈక జరిపాను. నాలుగూ చెడగొట్టేంత చెడ్డదాన్ని కాదులే అని సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే, నాలుగూ చెడగొడితే పట్టుబడతానని భయం.

ఆదివారం పొద్దున్న అందరూ వచ్చారు. పన్నెండేళ్ళుగా ఈల నా మెళ్ళోనే ఉంటుంది. రెండు ఈలలంటే గీత దగ్గరికి రావాలి, ఒకటంటే వెయ్యాలి, మూడంటే వెళ్ళి బాణాలు ఏరుకోవాలి. ఆయన మోచేతులు సరిచేస్తూ తిరుగుతారు, నేను గీతకి వెనక నిలబడి ఊదుతాను. ఊదాను. డాక్టరు మొదటి మూడు బాణాలూ నడిమి పసుపు చుట్టులో దిగాయి. నాలుగోది బోర్డు అంచుకి తగిలి వేలాడింది.

"గాలండీ, గాలి" అన్నారు మా ఆయన. ఆకు కూడా కదలడం లేదు.

మూడు ఈలలు ఊదాను. ఆవిడ వెళ్ళి ఆ బాణం తీసింది. వెనక్కి వస్తూ పన్ను పరీక్ష చేస్తున్నట్టు బొటనవేలితో ఈక మొదలు తడుముతూ తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"ఇది మీరే అతికించారా?"

"నేనే."

"మీ పనిలా లేదండీ. మీరు అతికిస్తే గోరు పెట్టి గీకినా గమ్ము తగలదు. ఇక్కడ చూడండి, బయటికొచ్చింది. ఒంట్లో బాగోలేదా?"

నేను అతికించే తీరంటూ ఒకటి ఉందని పన్నెండేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు. మా ఆయన కనిపెట్టలేదు. ఆఖరికి ఆ పని కూడా ఈవిడే చేసింది! ఒళ్ళు ఇంకా భగ్గుమంది. ఆ మంటలోనే నోరు జారింది.

"కావాలనే చేశాను. కుళ్ళుతో."

ఆవిడ నవ్వలేదు. కోపగించుకోనూ లేదు. "నా మీదా, ఆయన మీదా?" అంది, ఏ పన్ను నొప్పి అని అడిగినంత మామూలుగా.

ఇద్దరి మీదా అందామని నోరు తెరిచాను. కళ్ళు మాత్రం ఆవిడ భుజం మీదుగా గోడవైపు పోయాయి. కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి వాడే విళ్ళు అక్కడ వేలాడుతుంటాయి. వాటిలో రెండోది నా మొదటి జీతంతో కొనుక్కున్నది. పెళ్ళయిన కొత్తలో ఏడాదిన్నర వేశాను దాంతో. చెమటకి చెయ్యి జారుతోందని పట్టు దగ్గర నేనే ఎర్ర దారం చుట్టుకున్నాను. పాప పుట్టాక, క్లబ్బు పెడుతూ ఆయన "కొత్తవాళ్ళకి తేలిక విల్లు కావాలి, నువ్వెలాగూ వాడటం లేదుగా" అన్నారు. ఇచ్చేశాను. డాక్టరు చేరిన మొదటిరోజు ఆయన దాన్నే తీసి ఆవిడ చేతికిచ్చారు. నా దారం మీద ఆవిడ వేళ్ళు. అది గుర్తొచ్చాక ఇక బుకాయించలేకపోయాను. ఆరు నెలలుగా మా ఆయన్ని ఆవిడ లాక్కుపోతుందేమోనని కాదు నేను రగిలిపోయింది. ఆయన్ని కావాలంటే ఓ వారం తీసుకెళ్ళి పంపించినా ఓర్చుకునేదాన్నేమో.

"ఆ విల్లు నాది" అన్నాను.

"ఎర్ర దారందా?" ఆవిడ తిరిగి చూసింది. "మొదటిరోజే అడిగానండీ ఎవరిదని. పాతదండీ, ఎవరో వదిలేసి వెళ్ళారన్నారు కోచ్‌గారు."

అబద్ధమైతే పోట్లాడేదాన్ని. ఆయనకి నిజంగానే గుర్తులేదు.

ఆవిడ బాణం నా చేతికిస్తూ ఇంకో మాట అంది. "సెక్రటరీ పని మీ ఆవిడకే ఇవ్వొచ్చుగా అని కోచ్‌గారితో అన్నాను నేను. మీకు అసలు తీరికుండదని, మీరే వద్దన్నారని చెప్పారు."

ఇంట్లో ఖాళీ. బయట తీరికలేదు. నన్ను ఒక్కమాటా అడగకుండా ఈ రెండూ ఒక్క నోరే చెప్పింది. నేను బాణం తీసుకుని టీ బల్ల దగ్గరికి నడిచాను. కప్పులు గలగలమనేలా వరసగా పెట్టాను.

మీటింగులో ఆయన బాగానే మాట్లాడారు. క్లబ్బు పెరిగిందన్నారు, డాక్టరుగారొచ్చాక ఊపొచ్చిందన్నారు, పేరు చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. "ఇక మా ఆవిడ మనందరికీ టీ..." అంటుండగా నేను లేచాను. సంచిలోంచి కట్ట తీసి విప్పాను. తొమ్మిది బాణాలు, నా దగ్గర ఆగినవి.

"టీ అక్కడుంది, ఎవరి కప్పు వాళ్ళే పోసుకోండి" అన్నాను. "ముందు ఎవరి బాణాలు వాళ్ళు తీసుకోండి. వీటిలో ఒక్కదానికీ ఈక ఊడలేదు. ఎప్పుడూ ఊడలేదు. మీరు రావడం మానేస్తారేమోనని ఆపాను."

డ్రైవరు బాబాయి నోరెళ్ళబెట్టి, "నాది నాలుగుసార్లు ఊడిందన్నావు కదమ్మా!" అన్నాడు.

"నాలుగుసార్లు మానేద్దామనుకున్నారు కదా బాబాయ్."

నవ్వులు లేచాయి. లెక్కల మాస్టారు తన బాణాన్ని అటూ ఇటూ తిప్పి, నన్ను ఎగాదిగా చూసి, రెండు చేతులూ జోడించాడు. మా ఆయన మొహంలో మాత్రం నవ్వు రాలేదు. లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్న మొహం అది. ఆయన్ని వెతుక్కోనిచ్చాను. మెళ్ళోంచి ఈల తీసి ఆయన మెళ్ళో వేశాను.

"ఇవాళ మీరు ఊదండి."

"మరి నువ్వో?"

నేను గోడ దగ్గరికి వెళ్ళి నా విల్లు తీశాను. ఎర్ర దారం నల్లబడింది, ఎవరెవరి చెమటో పట్టింది. పక్కనున్న మూడు పాత బాణాలు తీసుకుని గీత మీదికొచ్చాను. గీత మీద నుంచి చూస్తే బోర్డు అంత దూరంగా కనబడుతుందని మర్చిపోయాను. ఆయన తడబడి మూడు ఈలలు ఊదారు. ఎవరూ ఒక్క బాణమూ వెయ్యలేదు, ఏరడానికేముంది? అందరూ మళ్ళీ నవ్వారు. డాక్టరు ఆయన చెవిలో ఏదో చెప్పింది. అప్పుడు ఒక్కటే ఊదారు.

మొదటిది గడ్డిలో పడింది. రెండోది ఇంకాస్త ముందు గడ్డిలో పడింది. భుజం గడగడలాడుతోంది, నారి ముంజేతిని కొట్టి ఎర్రగా తట్టు తేలింది. "మోచెయ్యి" అనబోయారు ఆయన వెనక నుంచి. ఈల నోట్లో ఉంది కాబట్టి ఇంకేమీ అనలేకపోయారు. మూడోది బోర్డు కింది మూలన, బయటి తెల్ల చుట్టు చివర, దిగీదిగనట్టు దిగింది. దిగింది.

పక్కన డాక్టరు తన వంతుకి నిలబడింది. అదే నిలకడ, అదే తొందరలేనితనం. ఆవిడంటే నాకిప్పటికీ కుళ్ళే. అది పోదు, పోవాలని కూడా నాకు లేదు.

సంచులు సర్దుకునే వేళకి నోటుబుక్కు తీసి చివరి పేజీలో నలభైనాలుగో పేరుగా నా పేరు రాశాను. దాని కింద, అందరికీ రాసినట్టే, రెండు ముక్కలు రాశాను. ఈవిడకి ఫోను చేస్తే ఇంటిపని గురించి అడగకూడదు, భుజం గురించి అడగాలి. పుస్తకం తీసుకెళ్ళి కొత్త సెక్రటరీ చేతిలో పెట్టాను. దాని మీద నా మూడో బాణం పెట్టాను. ఆవిడ అలవాటుగా బొటనవేలితో ఈక తడిమి చూసింది. నిక్షేపంలా ఉందని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

"ఈక ఊడేలా ఉందండీ, మీ దగ్గర ఉంచండి" అన్నాను. "వచ్చే ఆదివారం వచ్చి తీసుకుంటాను."