ఆ అమ్మాయే వంగింది

రగ్బీ రిఫరీగారి సాక్సుల్లో బురద మూడు నీళ్లకు గానీ వదలదు. మొదటి నీళ్లు నల్లగా, రెండోవి మట్టిరంగులో, మూడోవాటిలో ఉతికే భార్యకు తన వేళ్లు కనిపిస్తాయి. మైదానంలో విజిల్ నోట్లో పెట్టుకుంటే ఆయన పులి. మంచం మీద పడేసిన తడి తువ్వాలు తీయడం మాత్రం ఆ పులికి చేతకాదు.

ఆమె రెండో నీళ్ల దగ్గరుండగా హాల్లోంచి కేకేశాడు.

"అయిందా? రిపోర్టు రాయాలి!"

రాయాలి అంటే నువ్వు రాయమని. ఆరేళ్లుగా ఆయన మ్యాచ్ రిపోర్టులన్నీ ఆమె రాతే. గట్టు మీద నిలబడి వీడియో తీసేదీ ఆమే. ఆయన రిఫరీ పరీక్షకు చదివినప్పుడు ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగీ అడిగీ ట్యాకిల్ నిబంధనలు ఆమెకే కంఠతా వచ్చాయి. బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లను భుజాల కిందే పట్టి పడగొట్టాలి. నిటారుగా వచ్చి తలకు గుద్దితే ఎర్ర కార్డు, ఇక ఆటలోకి రానివ్వరు. పరిగెత్తేవాళ్లే ఆఖరి క్షణంలో చటుక్కున వంగితే మాత్రం గుద్దినవాళ్ల తప్పు కొంత తగ్గించి పసుపు కార్డు, పది నిమిషాల శిక్ష. ఆ తగ్గింపంటే ఆయనకు ప్రాణం. ఉప్పు తక్కువైందని తాను కంచం తోసేస్తే ఆఫీసులో తలనొప్పి కాబట్టి తగ్గింపు. ఆమె ఏమరుపాటున పాలు పొంగిపోతే మాత్రం నేరుగా ఎర్ర కార్డే.

నిన్న అమ్మాయిల మ్యాచ్‌లో పధ్నాలుగో నంబరు పిల్లకు దవడ విరిగింది. గుద్దినమ్మాయికి ఈయన పసుపు చూపించాడు. ఆ పిల్ల కోచ్ ఫిర్యాదు చేశాడు. ఇవాళ సాయంత్రంలోగా రిపోర్టు పంపమని కమిటీ అడిగింది.

"రాయి. పధ్నాలుగో నంబరు అమ్మాయే చటుక్కున వంగింది. గుద్దినమ్మాయికి తప్పించుకునే వీల్లేకపోయింది."

"వంగలేదండీ. నిటారుగానే ఉంది. వీడియో నేనే తీశాను కదా."

"గట్టు మీద నిలబడితే ప్రతివాళ్లూ రిఫరీలే! నాకు పెద్ద మ్యాచ్‌లు ఇస్తారో లేదో దీన్ని బట్టే ఉంది. చెప్పింది రాయి."

కుర్చీలో కూర్చున్న అత్తగారు అందుకుంది. "ఎదురు చెప్పకపోతే నీకు తోచదా అమ్మా? కాస్త వంగితే నీ సొమ్మేం పోయింది? మొక్కై వంగనిది మానై వంగుతుందా అని ఊరికే అన్నారా!"

ఆమెకు నవ్వొచ్చింది. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో తనను వంగమనే గోల. అక్కడ దవడ కట్టించుకుని మాట్లాడలేక పడున్న పిల్లనేమో, వంగకపోయినా వంగిందని రాయమంటున్నారు. వంగనందుకు ఒకరికి తిట్లు, వంగావంటూ ఇంకొకరికి నింద. తన రాత లేకపోతే నాలుగు వాక్యాలు కూర్చుకోలేని మనిషికా తాను ఇన్నాళ్లూ భయపడింది? ఆయన మీద కోపం కూడా దండగనిపించింది. రోత పుట్టింది, అంతే.

లాప్‌టాప్ ముందు కూర్చుని రాసింది. బంతి పట్టుకున్న అమ్మాయి వంగలేదు. గుద్దిన అమ్మాయి నిటారుగా వచ్చి తలకు గుద్దింది. ఎర్ర కార్డు ఇవ్వాల్సింది, పసుపు ఇవ్వడం నా పొరపాటు. కింద ఆయన పేరు పెట్టి, వీడియో మొత్తం జత చేసింది.

"ఒకసారి చదవండి."

ఆయన టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "ఆరేళ్లలో ఎప్పుడైనా చదివానా? పంపెయ్."

"ఈసారి చదవండి. నేను చూసింది చూసినట్టే రాశాను."

"అబ్బా, నీ రాత నాకు కొత్తా? పంపేసి టీ పెట్టు."

ఆయన మెయిల్లోంచే కమిటీకి పంపేసింది. టీ పెట్టలేదు. సాక్సులు రెండో నీళ్లలోనే వదిలేసి చేతులు తుడుచుకుంది. మూడో నీళ్లు ఆయనే పోసుకుంటాడు, చదవని రిపోర్టుకు జవాబూ ఆయనే చెప్పుకుంటాడు.