ఫారంలో లేని పిల్ల

ఆదివారం వచ్చిందంటే బెంగళూరు కాడుగోడిలో ఛాయాదేవి ఇంటి గుమ్మం ముందు చెప్పులు పేరుకునేవి. కెనడాలో తొమ్మిదేళ్ళు కాపురం చేసి, భర్త ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌కు మారడంతో తిరిగొచ్చిన మనిషి ఆమె. కెనడా వీసా కోసం కాగితాలు పెట్టుకున్న తెలుగువాళ్ళంతా ఆమె సోఫాలో కూర్చుని, కాఫీ తాగి, సలహాలు రాసుకుని వెళ్ళేవారు. చలికోట్లు ఇక్కడ కొనొద్దనేది. పిల్లల టీకాల కార్డులు చేతిసంచిలోనే పెట్టుకోమనేది. పనిచేసిన చోటల్లా అనుభవ పత్రం తీసుకోకుండా కదలొద్దని మరీ మరీ చెప్పేది. మొదటి చలికాలంలో ఊరికే ఏడుపొస్తే భయపడొద్దు, ఎండ మొహం చూడక వచ్చే దిగులు అది అనేది. ఆమె వెళ్ళినప్పుడు ఇవేవీ చెప్పేవాళ్ళు లేరు. అందుకే చెప్పడం ఆమెకంత ఇష్టం.

జెస్సీ మొదటిసారి వచ్చింది 2002లో. కర్నూలు పిల్ల, దగ్గర్లోని స్కూల్లో టీచరు. ఇంట్లో ఆమె, భర్త స్టాన్లీ, ఎనిమిదేళ్ళ షారోన్. ఫారాలు నింపుతూ జెస్సీ ఒక సంగతి చెప్పింది. షారోన్ తన కడుపున పుట్టలేదు, అక్క కూతురు. అక్క పురిట్లో పోయింది. తండ్రి నెల తిరక్కుండానే మొహం చాటేశాడు. సమాధి దగ్గరే అమ్మమ్మ ఆ పసిగుడ్డును తెచ్చి జెస్సీ ఒళ్ళో పెట్టింది, పాస్టరుగారు తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. అంతటితో జెస్సీ తల్లి అయింది. దానికొక కాగితం రాయించాలని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

కాగితం లేని పిల్ల పేరు రాస్తే ఫైలు ఆగిపోతుందని చెప్పింది ఛాయాదేవి. ముందు మీరిద్దరూ వెళ్ళి నిలదొక్కుకోండి, తర్వాత పిలిపించుకోవచ్చు అంది. ఎవరో అలా పిలిపించుకున్నారని ఎక్కడో విన్నది, అంతే. పొయ్యి మీద పాలు పొంగుతుంటే వంటింట్లోంచే చెప్పిన మాట అది.

రెండేళ్ళకు వీసాలు వచ్చాయి. స్టాన్లీ ఉద్యోగం వదిలేసి ముందు వెళ్ళిపోయాడు. గడువు లోపల జెస్సీ కూడా వెళ్ళాలి. షారోన్ సంగతి కనుక్కుందామని ఆమె లాయరు దగ్గరకు వెళ్తే, ఫారంలో లేని పిల్లను తర్వాత తన బిడ్డ అని పిలిపించుకోవడం అయ్యే పని కాదన్నాడు. ఫారం వేయకముందే కోర్టుకు వెళ్ళి ఉంటే ఏదైనా దారి దొరికేదేమో అని కూడా అన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం జెస్సీ వచ్చి ఇదంతా మెల్లగా చెప్పింది. నిష్ఠూరమాడలేదు. ఆడితే బాగుండుననిపించింది ఛాయాదేవికి.

"నేను చెప్పబట్టే కదా జెస్సీ."

"మీదేముందిలే అక్కా. పేరు రాయకుండా సంతకం పెట్టింది నేనే కదా."

వెళ్ళకుండా ఉండిపోతే అన్న మాట ఛాయాదేవి నోటి దాకా వచ్చి ఆగింది. తిరిగి రమ్మంటే స్టాన్లీ ఫోను పెట్టేస్తున్నాడని జెస్సీయే చెప్పింది. అమ్మమ్మ పోయి మూడేళ్ళయింది, వేరే చుట్టాలు లేరు. ఆనేకల్ దగ్గర చర్చివాళ్ళ హాస్టల్లో సీటు దొరికింది. బుధవారం పిల్లను దింపి రావాలి.

"అందరికీ చెప్తారు గదా అక్కా, కొత్త చోట ఎట్ల ఉండాలని. దానికీ చెప్పండి. చెప్పడం నా వల్ల కాలేదు."

వరండాలో కూర్చున్న షారోన్‌ను లోపలికి పిలిచారు. ఛాయాదేవి మొదలుపెట్టింది. బట్టలన్నిటి మీదా పేరు కుట్టించుకో. వంట చేసే ఆవిడ పేరు మొదటిరోజే తెలుసుకో. ఒంట్లో బాగాలేకపోతే దాచుకోకు. పిల్ల ప్రతిదానికీ బుద్ధిగా తలూపింది.

"అక్కడ సాంబారులో బెల్లం వేస్తారంట ఆంటీ. అదొక్కటే కష్టం," అంది. ఛాయాదేవి నవ్వబోయి నవ్వలేకపోయింది.

"ఇంకొకటి అడగనా? ఫోను వస్తే ఎవరు అని వార్డెన్ అడుగుతాదంట. బర్త్ సర్టిఫికెట్లో వేరే పేరు ఉండాదని అమ్మ హాస్టల్ ఫారంలో పిన్ని అని రాసింది. నేను ఏమని చెప్పాల?"

జెస్సీ కిటికీ వైపు తిరిగింది.

"అమ్మ అనే చెప్పు తల్లీ," అంది ఛాయాదేవి.

షారోన్ తల అడ్డంగా ఊపింది. "అబద్ధమనుకుని ఫోను ఇవ్వకపోతే? పిన్ని అనే చెప్తాలే ఆంటీ. ఫోను నా చేతికొచ్చినాక మెల్లగా అమ్మా అంటా."

అలాగే అనమంది ఛాయాదేవి. ఎంతమందినో విమానం ఎక్కించిన నోరు అది.

షారోన్ కిటికీ దగ్గరకు వెళ్ళి జెస్సీ వెనక నిలబడింది. అలవాటు కావాలి కదా అన్నట్టు, "పిన్నీ" అని పిలిచి చూసింది.

జెస్సీ కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడింది.

"పిన్నీ," అని మళ్ళీ పిలిచింది పిల్ల.

"ఊఁ," అంది జెస్సీ.