ఓపీ మూసిన తర్వాత

మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగి, బస్సెక్కి, మూడింటికి ఆసుపత్రి ఎమర్జెన్సీకి రావడం సమద్‌కు ఇది మూడోసారి. భార్య తస్లీమ్ పక్కన కూర్చుంది. ఆమె ఒడిలో నాలుగేళ్ల కూతురు రుమానా. అదే బెంచీ మీద జ్వరంతో వచ్చిన ఒక గర్భిణి. సమద్ దగ్గినప్పుడల్లా ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటోంది.

మొదటిసారి సూది వేశారు. రెండోసారి సెలైన్ ఎక్కించి దగ్గుమందు రాశారు. తెమడ పరీక్ష ఇక్కడ చేయరు, పొద్దున ఓపీకి రమ్మని రెండుసార్లూ చెప్పారు. ఓపీ ఒంటిగంటకు మూస్తారు. అప్పటికి సమద్ సుల్తాన్‌పూర్ ఫ్యాక్టరీలో తెమడ పట్టే ప్లాస్టిక్ డబ్బాలను పెట్టెల్లో సర్దుతుంటాడు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదని, ఎవరూ పని ఎగ్గొట్టలేదని చదువరులు గమనించాలి.

"మా డబ్బాలు దేశమంత తిరుగుతయి. నాకే ఒక్కటి అందలే," అని సమద్ నవ్వబోయాడు. దగ్గు తెర వచ్చింది. రుమాలులో రక్తం పడింది.

"సిస్టరమ్మా, జెర జల్దీ రాండ్రి!" తస్లీమ్ అరిచింది.

నర్సు అరుణ అతనికి మాస్కు పెట్టి, వేరే గదికి మార్పించి, తానే ల్యాబుకు పోయి డబ్బా తెచ్చింది. మర్నాడు టీబీ అని తేలింది. వారానికి రుమానాకూ అదేనన్నారు.

"మొదటిసారి ఎప్పుడొచ్చిండమ్మా?" ఎమర్జెన్సీ డాక్టర్ చంద్రకాంత్ తస్లీమ్‌ను అడిగాడు.

"రెండు నెలలైతుంది సార్."

"ఓపీకి రాకపోతిరేంది మరి?"

"షిఫ్టు ఇడిస్తె పనిలకెల్లి తీసేస్తరు. ఈడ తలుపు తెరిసి ఉంటది గదా అని ఈడికే వచ్చినం."

డాక్టర్ రిజిస్టరు తిప్పాడు. రెండుసార్లూ సంతకం ఆయనదే.

"ఆర్నెల్లు మందులు ఇడవకుండ వాడితే ఇద్దరికీ తగ్గుతది," అంది అరుణ మెల్లగా.

"మాకు తగ్గుతది, సరే," అంది తస్లీమ్. "ఆ దినం మా బెంచీ మీద కడుపుతోని ఉన్న పిల్ల కూసున్నది. ఆమె ఏడున్నది సార్?"

అరుణ ఆ రోజు రిజిస్టరులో వెతికింది. అంకిత, రుద్రారం, జ్వరం. ఫోన్ నంబరు గడి ఖాళీగా ఉంది.

తస్లీమ్ ఆ ఖాళీ గడిని చూసింది. రుమానా తల్లి భుజం మీద దగ్గింది.

"దగ్గుకుంట వచ్చినోడు ఏ గంటకు వచ్చినా," అంది తస్లీమ్, "ఏ తలుపుల నుంచి వచ్చినా, మందుచిట్టీ కన్న ముందు వాని చేతిల డబ్బా పెట్టుండ్రి సార్."