ఉప్పులేని పథ్యము

సాగరగర్భసంభూతములగు శ్రావణమేఘములు దొంతరలు దొంతరలుగా లేచివచ్చి యా తీరపట్టణపు ధర్మాసుపత్రి పెంకుల కప్పును బ్రాతఃకాలము మొదలు తడుపుచుండగా లోపలి స్త్రీల వార్డునందు మధ్యాహ్నభోజనపు బళ్లెముల చప్పుడు వానచప్పుడుతో గలిసి వినవచ్చుచుండెను.

అచటి వైద్యవిద్యార్థులకు ఆహారశాస్త్రమును బోధించు డాక్టరు పేరిందేవిగారికి శిష్యవాత్సల్య మెంతయో పట్టుదలయు నంత. రోగికి బథ్యము వ్రాసిన విద్యార్థి యా రోగి సరసనే కూర్చుండి యా పథ్యమునే భుజింపవలెనని యామె నియమము. తృతీయవత్సర విద్యార్థియగు విశ్వంభరుడు హృద్రోగముచే గాళ్లు వాచి మంచముపట్టిన నూకాలమ్మ యను వృద్ధురాలికి ఉప్పు నిషేధించియుండెను. మందులిచ్చుచున్నను వాపు తీయకుండెను. ఊపిరి యాడక పండుకొనలేక దిండ్లకు జేరగిలి కూర్చున్న యామెను జూచునప్పుడెల్ల నీ మామ్మ దక్కదేమో యని యతడు భయపడుచుండెను.

"పుస్తకములో నున్నట్లే వ్రాసితినమ్మా" యని యతడు విన్నవింపగా బేరిందేవిగారు చిరునవ్వు నవ్వి "పుస్తకము తినదు నాయనా. పోయి యామె చెంత గూర్చుండి తినుము" అనిరి.

అంతట విశ్వంభరుడు మంచము ప్రక్క ముక్కాలిపీటపై గూర్చుండి ఉప్పులేని పప్పన్నము మొదటి ముద్ద నోటనిడికొనెను. అది లోనికి బోదు, వెలికి రాదు. రెండవ ముద్దకు నీళ్లు త్రాగెను. మూడవదానికి వాని మొగము జూచి నూకాలమ్మకు నవ్వాగలేదు.

"వ్రాయునప్పుడు చేయి బాగుగనే యాడినది గదా బాబూ" యని యెత్తిపొడిచి యంతలోనే జాలిపడి దిండుక్రిందినుండి చిన్న డబ్బా దీసి యొక మాగాయ టెంకను వాని పళ్లెములో వేసెను. "తినుము. ఆ డాక్టరమ్మతో జెప్పకుము. నేను దినదినము దీనితోనే నెట్టుకొనివచ్చుచున్నాను."

వాపు తీయకుండుటకు గారణ మతనికి దన పళ్లెములోనే కనబడెను. కోపము రావలసియుండెను గాని నోటిలోని చప్పదనము దానికి జోటీయలేదు. "మామ్మా, ఇది తినినచో నీవు మాకు దక్కవు" అని మెల్లగా బలికి టెంకను బ్రక్కకు దీసి వంటశాలకు బోయి నిమ్మకాయయు వేయించిన జీలకఱ్ఱపొడియు మిరియపుపొడియు దెచ్చి యిరువురి యన్నములందును గలిపెను.

ఆమె యొక ముద్ద తిని రెండవ ముద్ద కలుపుకొనుచు "దీని నన్నమనవచ్చును" అనెను.

నాటినుండి ప్రతి మధ్యాహ్నమును వారిరువురు నెదురెదురుగా గూర్చుండి యొకే పథ్యమును భుజించిరి. వాపు క్రమముగా దిగెను. ఊపిరి కుదుటపడెను. ఇంటికి బంపు దినమున నూకాలమ్మ రిక్షా యెక్కబోవుచు వాని గడ్డము పుణికి "చిక్కిపోతివి బాబూ. ఇకనైన నింత యుప్పు వేసికొని తినుము. నేను మాత్రము తిననులే" అనెను.

ఆ మధ్యాహ్నము హాస్టలు భోజనశాలలో విశ్వంభరుడు చిరకాలమునకు ఉప్పు పడిన పప్పు నోటబెట్టుకొనెను. రుచి యంతయు నుండెను. ఐనను జేయి నడుమనే నిలిచిపోయెను. ఎదుట గూర్చుండి వెక్కిరించువారు లేని భోజన మెంత చప్పనిదో పేరిందేవిగారు పాఠములో నెన్నడును జెప్పియుండలేదు.