పిల్లులమ్మ గుమ్మం

ఆ ఇంటి వీధి తలుపు ఎప్పుడూ ఒక్కసారిగా తెరుచుకునేది కాదు. ముందు లోపలి నుంచి, "ఆగండి, కుక్కల్ని పక్క గదిలో వేసి వస్తా" అని ఒక గొంతు వినిపించేది. ఆ వెంటనే గిన్నె దొర్లిన చప్పుడు, పిల్లి విసుగు, గోళ్ళతో తలుపు గీకుతున్న శబ్దం. చివరికి తలుపు జానెడు తెరుచుకుని, ఆ సందులోంచి మెడలో టేపుతో ఒక దర్జీ తొంగిచూసేది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆమె నవ్వు చూసి, "ఎంత పుణ్యాత్మురాలివమ్మా" అనేవారు. ఆ తలుపు అంతకుమించి ఎందుకు తెరుచుకోదని మాత్రం ఎవరూ అడగలేదు.

వీధి అంతా ఆమెను పిల్లులమ్మ అనేది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేక, ఎప్పుడైనా ఎవరైనా పిలిస్తే ఆమెకే కొత్తగా ఉండేది. భర్త లారీ డ్రైవరు. నెలలో ఎక్కువ భాగం రోడ్డు మీదే గడిచేది. ఇంటికి వచ్చినప్పుడు మంచం మీద తన చోటులో పడుకున్న పిల్లిని చూసి, "నన్నూ ఎవరో నీ గుమ్మంలో వదిలేసిపోయారనుకుని ఒక మూల చూపించవే" అని నవ్వించేవాడు. మళ్ళీ లోడు దొరకగానే వెళ్ళిపోయేవాడు.

మొదటి పిల్లిని ఆమే తెచ్చుకుంది. వానలో మురుగు కాలువలో కొట్టుకుపోతూ అరుస్తుంటే, మోకాళ్ళ లోతు దిగి తీసింది. బండి కింద పడి కాలు విరిగిన కుంటి కుక్కనూ ఆమే ఎత్తుకొచ్చింది. ఆ రెండూ ఆమె సంతోషంగా చేసిన పనులు. మిగతావి అలా రాలేదు. ట్యూషన్ మాస్టారి మచ్చల కుక్క, పాపకు దద్దుర్లు వస్తున్నాయన్న మాటతో వచ్చింది. బేకరీ వాళ్ళు మేడ కట్టించుకుంటూ తల్లిపిల్లిని, దాని పిల్లల్ని బుట్టలో పెట్టి పంపారు. ఇల్లు మారిపోతున్నవాళ్ళు తమ కుక్కను ఆమె గేటుకు కట్టేసి, మాట కూడా చెప్పకుండా పోయారు. చేతికిచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "నీ దగ్గరైతే సుఖంగా ఉంటుందమ్మా." మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అన్నారా!

ఉన్నది రెండు గదులు, వంటిల్లు, చిన్న పెరడు. బీరువా మీద, మిషను మీద, కత్తిరించిన గుడ్డల బుట్టలో పిల్లులు. ముందు గదిలో కుక్కలు. అవి ఇవీ ఎదురుపడితే ఇల్లు కిష్కింధ అయ్యేది కాబట్టి ఒక తలుపు మూసి ఇంకొకటి తీయాలి. కిటికీలన్నిటికీ వల బిగించింది. తెల్లబట్టలు కుట్టించుకునేవాళ్ళు బొచ్చు అంటుతోందని మానేశారు. అన్నం నిలబడే తినేది, కూర్చుంటే కంచం చుట్టూ మూతులు చేరేవి. స్నానం చేసి బయటికి రాగానే, పదేళ్ళ తరువాత కలిసినట్టు కుక్కలు మీదికి గెంతేవి. అప్పుడు ఆమెకు నిజంగానే కడుపు నిండిపోయేది. అబద్ధమెందుకు, వాటిని ఆమె ప్రేమించింది. కానీ వీధి చివర దాటి వెళ్ళి ఎంతకాలమైందో ఆమెకు గుర్తు లేదు.

అలాంటి రోజుల్లో అక్క కూతురు ఫోన్ చేసింది. అక్కకు కడుపులో గడ్డ ఉందట, ఆపరేషన్ చేస్తారట. "పిన్నీ, అమ్మ ఏమీ అడగట్లేదు. నువ్వొస్తున్నావా అని మాత్రం అడుగుతోంది" అంది పిల్ల. చిన్నప్పుడే తల్లి పోతే పిల్లులమ్మను పెంచింది ఆ అక్కే.

భర్త రాష్ట్ర సరిహద్దుల అవతల ఎక్కడో ఉన్నాడు, తిరిగి రావడానికి వారం పడుతుంది. ఆమె చీర మార్చుకుని వీధిలోకి బయలుదేరింది. నాలుగు రోజులపాటు పూటకోసారి వచ్చి వాటికి ఇంత తిండి, నీళ్ళు పెడితే చాలని ఇంటింటికీ వెళ్ళి అడిగింది. ట్యూషన్ మాస్టారు పరీక్షల రోజులన్నాడు. బేకరీ ఆవిడ తనకు కుక్కలంటే భయమంది. వీధి సంఘం కార్యదర్శి, పోయిన ఏడాది ఆమెను వేదిక ఎక్కించి చప్పట్లు కొట్టించిన పెద్దమనిషి, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ ములగచెట్టు ఎక్కించాడు.

"అవి నీ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి ఒప్పుకోవమ్మా. ఆ ఓపిక అందరికీ ఉంటుందా? అది నీకు పుట్టుకతో వచ్చింది" అన్నాడు.

ఆమె పొగడ్తలతో చేతులు నింపుకుని ఇంటికి వచ్చింది. వెనకాల గడియ వేసుకుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోతే ఇవి ఆకలికి అరుస్తాయి, పోకపోతే అక్క కళ్ళు తలుపు వైపే ఉంటాయి.

ఆపరేషన్ రోజున ఆమె మిషను ముందే ఉంది. ఒక్క కుట్టూ సాగలేదు. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. అంతా బాగానే జరిగిందని పిల్ల చెప్పింది. తరువాత, "మెలకువ రాగానే, వచ్చిందా అని అడిగింది పిన్నీ. దార్లో ఉందని చెప్పాను" అంది. పిల్లులమ్మ ఫోన్ పెట్టేసి, తలుపుకు ఆనుకుని నేల మీద కూలబడింది. వలల కిటికీలు, గడియ వేసిన తలుపులు, చుట్టూ ఆమెనే చూస్తున్న కళ్ళు. వాటిని కాపాడటానికి కట్టుకున్న గోడల్లో తనే ఖైదీ అయిందని ఆమెకు ఆ క్షణాన తెలిసింది.

సాయంత్రం గేటు చప్పుడైంది. కార్యదర్శి అట్టపెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల ఇంకా కళ్ళు తెరవని పిల్లికూనలు.

"మా మేడ మీద పెట్టి పోయింది తల్లిపిల్లి. నీకు వీటితో ఒకటి ఎక్కువా, ఒకటి తక్కువా" అన్నాడు.

ఆమె చేతులు చాచలేదు. పెట్టెలోకి చూస్తే మనసు కరిగిపోతుందని చూడనూ లేదు.

"ఎక్కువే సార్" అంది.

ఆయన తెల్లబోయాడు. "నువ్వు కూడా కాదంటే ఇవి చచ్చిపోవూ?"

ఇన్నేళ్ళూ ఆమెను కట్టిపడేసింది ఆ ప్రశ్నే. ఎవరు ఏది తెచ్చినా చివరికి ఆ ఒక్క మాటతో ఆమె నోరు మూతపడేది.

"ఆ మాట నన్నెందుకు అడుగుతారు? పెట్టె మీ చేతుల్లో ఉంది. మేడా మీదే" అంది. కానీ తలుపు వేసే ముందు, తల్లి తిరిగి వస్తుందనీ, పెట్టెను తీసిన చోటే పెట్టి దూరంగా ఉండమనీ చెప్పింది.

తెల్లవారాక వీధి ఒక వింత చూసింది. పిల్లులమ్మ కుక్కల మెడలకు పట్టాలు కట్టి, ఒక్కొక్కదాన్నీ అది వచ్చిన ఇంటికే నడిపించుకుపోయింది. మచ్చల కుక్కను లాగనవసరమే లేకపోయింది. ట్యూషన్ మాస్టారి గేటు కనబడగానే అదే ఆమెను లాక్కుపోయింది. గేటు ముందు కూర్చుని, తోకతో నేల ఊడుస్తూ మూలిగింది. చదువుకుంటున్న పాప పుస్తకం పారేసి పరుగెత్తుకొచ్చి దాని మెడ కావలించుకుంది. పాప చేతుల మీద దద్దుర్లేమీ లేవు. మాస్టారు తల ఎత్తలేకపోయాడు.

"మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదు మాస్టారూ. మా అక్కను చూసి వస్తాను. అంతవరకూ చూసుకోండి" అందామె.

ఆయన పట్టా అందుకున్నాడు. బేకరీ ఆవిడ, ఇంట్లో ఇక కుక్కలు లేవు కదా అని అడిగి, సణుగుతూనే పిల్లుల కోసం ఆమె ఇంటి తాళంచెవి పుచ్చుకుంది. ఒక ఇంటివాళ్ళు తలుపే తీయలేదు. ఆ కుక్కనూ, ఇల్లు మారినవాళ్ళు వదిలిపోయినదాన్నీ, ఎవరిదీ కాని కుంటిదాన్నీ పశువుల డాక్టరమ్మ తన ఆసుపత్రి వరండాలో ఉంచుకుంది.

బస్సెక్కాక కూడా ఆమె కిటికీలోంచి వెనక్కే చూస్తూ కూర్చుంది. ప్రతి మలుపులోనూ ఏదో మొరిగినట్టే ఉండేది. తిరిగి వెళ్ళేసరికి సగం పట్టాలు మళ్ళీ తన గేటుకే కట్టి ఉంటాయేమోననే దిగులు ఆమెను వదల్లేదు.

ఆసుపత్రి మంచం మీద అక్క బాగా చిక్కిపోయి ఉంది. ఆలస్యమైందెందుకని అడగలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, చెల్లెలి జాకెట్టు చేతికి అంటుకున్న బొచ్చు ఏరుతూ అంతా విన్నది. వాటిని వదిలిపెట్టి తప్పు చేశానా అని చెల్లెలు అడిగితే, అక్క ఇలా చెప్పింది.

"అమ్మ పోయినప్పుడు నిన్ను నేనొక్కదాన్నే పెంచాననుకుంటున్నావా? పక్కింటి అత్త పూటపూటా గిన్నెడు అన్నం పంపేది. ఎదురింటి మామయ్య నిన్ను బడిలో దింపేవాడు. నాకు జ్వరమొస్తే వాళ్ళింట్లోనే పడుకునేదానివి. అందుకే నువ్వు నాకు ఏనాడూ బరువనిపించలేదు. నోరులేని జీవాలదీ అదే లెక్కమ్మా. ఊరంతా చేతులు దులుపుకుని జాలినంతా ఒక్కరి నెత్తిన పెడితే, ఆ ఒక్కరికి ఇల్లే చెరసాల అవుతుంది. తలా ఒక చెయ్యి వేస్తే ఆ జీవాలూ బతుకుతాయి, సాకే మనిషీ బతుకుతుంది."