'మునిగింది' అనకూడని ఇల్లు

సత్యవేణి మావగారు అప్పన్నతో వేగడం అంతర్వేది నరసింహస్వామి తరం కూడా కాదు. నావ పలకల సందుల్లో అప్పన్న నార కూరి గుగ్గిలం పూశాడంటే చుక్క నీరు దిగదు. అందుకని ఆయనింట్లో 'మునిగింది' అన్న మాట నోటెంట రాకూడదు. నూతిలో చేద కూడా 'తడవాలి' గానీ మునగకూడదు.

అలాంటి ఇంటికి కొడుకు తాతబ్బాయి, ఓడ పనికెళ్ళి చేరిన అమెరికా అంతర్యుద్ధం నుంచి తిరిగొచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా, "మునిగే పడవలో పనిచేశాను నాన్నా" అన్నాడు.

అంతే. రేవులో కడుతున్న కొత్త నావ మీద అతన్ని చెయ్యి వెయ్యనివ్వలేదు అప్పన్న. "పడవ ముంచుకున్నవాడు సందులు పూస్తే ఎవడెక్కుతాడు?" అని నలుగురిలో అనేశాడు. కులవృత్తిలో మొగుడి పరువు పోవడం సత్యవేణికి ముద్ద దిగనివ్వలేదు.

"ముంచుకోలేదు నాన్నా, అది కావాలనే మునుగుతుంది! బానిసల్ని విడిపిస్తామన్న పక్షం మాది. శత్రువులు నదిలో పాతిన గుంజలు పీకడానికి, మనుషులతో సహా అడుక్కి దిగి మళ్ళీ తేలేది. దాని సందులన్నీ నా చేతివే. ఎన్నిసార్లు దిగినా లోపల పంచె తడవలేదు."

"మరేదీ నీ పడవ?"

"ఓడ వెనక కట్టి తీసుకెళ్తుంటే తుపాను పట్టుకుంది. ఓడని దక్కించుకోడానికి తాడు నరికేశారు. లోపల ఎవరూ లేరు. ఏ సముద్రం అడుగునుందో గానీ, లోపలింకా పొడిగానే ఉంటుంది."

అప్పన్న పకపకా నవ్వేడు.

మర్నాడు ఆయన చుట్టల పెట్టె కనపళ్ళేదు. ఇల్లంతా వెతికి రేవుకొచ్చేసరికి కోడలు ఒక తాడు పట్టుకుని వినయంగా నుంచునుంది.

"మీ పెట్టె గోదాట్లో తడిసిందండి, మావగారూ."

"నా చుట్టలే!"

తాతబ్బాయి తాడు లాగేడు. రాయి కట్టిన పెట్టె పైకొచ్చింది. మూత చుట్టూ నార, గుగ్గిలం. అప్పన్న కత్తితో గీరి తెరిచి, చుట్ట తీసి, గుగ్గిలం కాచిన పొయ్యిలోంచి నిప్పు అంటించేడు. గుప్పున పొగ.

"తడవలేదే!"

"మరేవయిందంటారండీ?" అడిగింది సత్యవేణి.

రేవులో పనివాళ్ళంతా సుత్తులు ఆపేరు. అప్పన్న కొడుకు చేతుల్ని, వేళ్ళకంటిన గుగ్గిలాన్ని చూసేడు.

"ఆయ్... మునిగింది. మునిగింది గానీ తడవలేదు. నాదే తప్పురా తాతబ్బాయ్. పద, నావ చూద్దువుగాని."